పాతికేళ్ల కెప్టెన్, నలభై ఎనిమిదేళ్ల బౌలరు

క్రిస్మస్ సెలవులు వచ్చాయంటే మన పల్లెల్లో కోతలైపోయిన చేలల్లో వికెట్లు పాతుతారు. సంఘపు యౌవనస్థులు తలా కొంత వేసుకొని ఒక కప్పు కొంటారు. చుట్టుపక్కల ఊళ్ల జట్లకు కబురు వెళ్తుంది. ఆ జట్లలో నలభై దాటినవారు ఒకరో ఇద్దరో కనిపిస్తారు. "పెద్దాయన సరదా పడుతున్నాడు, ఆడనివ్వండిరా" అని చేర్చుకున్నవారే ఎక్కువ. బ్యాటింగు పదకొండో నంబరు, ఫీల్డింగు చేను గట్టు దగ్గర. ఒకప్పుడు మంచి స్పిన్ వేసిన చెయ్యే అయినా బంతి మాత్రం ఆయన దగ్గరకు రాదు. వచ్చినా ఒక్క ఓవరు. అందులో ఒక సిక్సరు పడిందా, ఇక ఆ రోజుకు ఆయన పని అయిపోయినట్టే.

ఈ నెల ఆ పెద్దాయన గురించి, ఆయనకు బంతి ఇవ్వవలసిన కుర్ర కెప్టెన్ గురించి నాలుగు మాటలు వ్రాయాలనిపించింది. పాస్టరుగారికి క్రికెట్టేమిటని ముక్కున వేలేసుకోనక్కరలేదు. 1882లో ఓవల్ మైదానంలో ఇంగ్లాండు తరఫున ఆడిన సి.టి. స్టడ్ ఆ తరువాత మిషనరీగా చైనా వెళ్లాడు. 1900 తరువాత కొన్నేళ్లు మన ఊటీలో సంఘ కాపరిగా కూడా ఉన్నాడు. ఆట పాపము కాదు. ఆట మీద పందెం కాయటం, ఆట కోసం ఆరాధన మానటం వేరే సంగతి. వాటి గురించి ఈ పత్రికలో చాలాసార్లు చదివారు.

వేగంగా బంతి వేసేవాడికి వయసు శత్రువు. ముప్పై అయిదు దాటితే నడుము, మోకాలు లెక్క అడుగుతాయి. స్పిన్ బౌలరు సంగతి అలా కాదు. ఆయన పని వేళ్లతో, మణికట్టుతో, అన్నిటికన్నా ఎక్కువగా బుర్రతో. బంతిని గాలిలో ఎంత ఎత్తున వదలాలి, బ్యాట్స్‌మన్ ముందుకు వస్తాడా వెనక్కి వెళ్తాడా, ఇప్పుడు కాస్త మెల్లగా వేస్తే ఏమవుతుంది, ఇవన్నీ ఏళ్ల తరబడి ఆడితే వచ్చే తెలివి. అయితే ఈ పనిలో ఒక చిక్కు ఉంది. స్పిన్ బౌలరు వికెట్ తీయాలంటే బ్యాట్స్‌మన్‌కు కొట్టాలనే ఆశ పుట్టాలి. ఆశ పుట్టించాలంటే బంతిని గాలిలోకి వదలాలి. వదిలితే కొన్ని సిక్సర్లు పోతాయి. గాలం వేసేవాడు ఎర పోయిందని గాలం విరగ్గొట్టుకుంటాడా?

కొడతారన్న భయం పట్టుకున్న స్పిన్ బౌలరు ఏమి చేస్తాడో గమనించండి. బంతిని గాలిలోకి వదలటం మానేసి, గట్టిగా, నేరుగా విసురుతాడు. అప్పుడు బంతి తిరగదు, వంపు తీసుకోదు. బ్యాట్స్‌మన్‌కు అంతకంటె తేలికైన బంతి ఉండదు. భయం స్పిన్ బౌలరును ఒక నాసి రకం మీడియం పేసరుగా మార్చివేస్తుంది. ఆ భయం ఎక్కడినుండి వస్తుంది? కొట్టే బ్యాట్స్‌మన్ నుండి కొంత వస్తుంది. నా లెక్కలో ఎక్కువ భాగం మాత్రం కెప్టెన్ ముఖం నుండి వస్తుంది. సిక్సరు పడగానే నడుము మీద చేతులు వేసుకొని ఆకాశం వైపు చూసే కెప్టెన్ తన బౌలరును తానే సగం ఔటు చేసినట్టు.

ఓవల్‌లో ఒక ఆగస్టు

1926లో ఇంగ్లాండు, ఆస్ట్రేలియా మధ్య మొదటి నాలుగు టెస్టులు తేలకుండా పోయాయి. చివరిది ఓవల్‌లో. ఇంగ్లాండు పాత కెప్టెన్‌ను తీసేసి, పెర్సీ చాప్‌మన్ అనే పాతికేళ్ల యువకుణ్ణి కెప్టెన్ చేశారు. జట్టులోకి ఎవరిని పిలిచారో తెలుసా? విల్‌ఫ్రెడ్ రోడ్స్ అనే ఎడమచేతి స్పిన్ బౌలరును. ఆయనకు అప్పటికి 48 ఏళ్లు. ఆయన మొదటి టెస్టు ఆడింది 1899లో. చాప్‌మన్ పుట్టింది 1900లో. అంటే కెప్టెన్ ఈ లోకంలోకి రాకముందే ఆ బౌలరు దేశం తరఫున ఆడాడు!

రెండో ఇన్నింగ్సులో ఆస్ట్రేలియాకు 415 పరుగులు కావాలి. వాన తడిసి ఆరుతున్న పిచ్. 21 ఏళ్ల వేగపు బౌలరు లార్‌వుడ్ మూడు వికెట్లు తీశాడు. 48 ఏళ్ల రోడ్స్ 44 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా 125కే కూలింది. 1920-21లో పోగొట్టుకున్న యాషెస్ ఇంగ్లాండుకు తిరిగి వచ్చింది.

రోడ్స్ గొప్ప బౌలరే. ఫస్ట్ క్లాస్ క్రికెట్టులో 4,204 వికెట్లు మరెవరూ తీయలేదు. అయితే నన్ను ఆకట్టుకునేది ఆ పాతికేళ్లవాడు. తన తండ్రి వయసున్న మనిషిని జట్టులో ఉంచుకొని, సరియైన సమయంలో బంతి చేతికిచ్చి, ఆయన పనిని ఆయనను చేయనిచ్చాడు. అది చెప్పినంత తేలిక కాదు. మన పల్లెల్లో అయితే ఇంకా కష్టం. ఎందుకంటే మనకు మధ్యలో వరుసలు ఉంటాయి.

గౌరవము చేసిన పని

మా ప్రాంతంలో ఒక ఊరి జట్టు సంగతి చెబుతాను. కెప్టెన్‌కు 23 ఏళ్లు. జట్టులో అతని సొంత బాబాయి, 46 ఏళ్లవాడు, సహకార సంఘంలో గుమాస్తా. కాలేజీ రోజుల్లో ఆఫ్ స్పిన్ వేసిన చెయ్యి. మొదటి మ్యాచ్‌లో ఆయనకు బంతి ఇచ్చారు. రెండో ఓవరులో రెండు సిక్సర్లు వెళ్లాయి. అబ్బాయి మారు మాట్లాడకుండా మరుసటి ఓవరు వేరేవాడికిచ్చాడు. బాబాయి మారు మాట్లాడకుండా గట్టు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు.

అబ్బాయి ఎందుకు మాట్లాడలేదు? బాబాయికి బంతి ఎలా వెయ్యాలో చెప్పటం మర్యాద కాదని. బాబాయి ఎందుకు అడగలేదు? అన్న కొడుకు దగ్గర చెయ్యి చాపి "బంతి ఇవ్వరా" అనటం చిన్నతనమని. ఇద్దరూ గౌరవముగానే ఉన్నారు. ఆ గౌరవముతోనే పది రోజులు మాటలు లేవు. రెండో మ్యాచ్‌కు ఆయన లెక్కల పని ఉందని రాలేదు. అక్కడితో ఆగితే నేను ఇది వ్రాసేవాణ్ణి కాను. ఆయన క్రిస్మస్ పాటల సాధనకు కూడా రావటం మానేశాడు. అక్కడ తబలా వాయించేది ఆ అబ్బాయే మరి. ఇరవై ఏళ్లుగా గాయక బృందములో ఉన్న గొంతు అది. ఒక సిక్సరు చేను గట్టు దాటి దేవాలయము దాకా ఎలా వెళ్తుందో చూశారా?

ముడి విప్పింది పిన్ని. అబ్బాయిని ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, "మీ బాబాయి నిన్నేమీ అనలేదురా. నువ్వూ ఆయన్నేమీ అడగలేదు. అదే గొడవ" అన్నదట. ఆ సాయంత్రం అబ్బాయి అరుగు మీద కూర్చొని, "బాబాయ్, ఆ రెండు సిక్సర్ల తరువాత ఏం వేద్దామనుకున్నావ్?" అని అడిగాడు. ఆయన అరగంట చెప్పాడు. మళ్లీ అదే బంతి, జానెడు వెనక్కి, కాస్త మెల్లగా. లెగ్ వైపు గట్టు దగ్గర ఒక మనిషి కావాలి, మొన్న అక్కడ ఎవరూ లేరు, అడుగుదామంటే నువ్వు అటు తిరిగి ఉన్నావు.

మూడో మ్యాచ్‌లో ఆయన నాలుగు ఓవర్లు వేసి 31 పరుగులిచ్చి రెండు వికెట్లు తీశాడు. అందులో ఒకటి గట్టు దగ్గర క్యాచ్. జట్టు ఓడిపోయింది లెండి. గాయక బృందములో గొంతు మాత్రం తిరిగి వినిపించింది.

కెప్టెన్ చేతిలో ఉన్నది

యౌవనస్థులారా, పెద్దవాడికి బంతి ఇచ్చేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఏ ఓవరు ఇవ్వబోతున్నారో ముందే చెప్పండి. ఇరవై ఏళ్ల భుజానికి అవసరం లేకపోవచ్చు గాని, నలభై అయిదేళ్ల భుజం వేడెక్కటానికి పది నిమిషాలు పడుతుంది. హఠాత్తుగా బంతి విసిరి "బాబాయ్, నువ్వెయ్యి" అంటే మొదటి మూడు బంతులు ఎక్కడ పడతాయో ఆయనకే తెలియదు. ఒక్క ఓవరు ఇచ్చి చూద్దామనే ఆలోచన మానండి. మూడు ఓవర్లు నీవే అని మాటివ్వండి. కొట్టినా నావే అని తెలిసిన బౌలరు బంతిని గాలిలోకి వదులుతాడు.

ఫీల్డింగు విషయంలో చాలామంది తలక్రిందులుగా చేస్తారు. మొదట ఫీల్డర్లను దగ్గర పెట్టి, సిక్సరు పడగానే అందరినీ దూరం తోలుతారు. అది చూసిన బ్యాట్స్‌మన్‌కు ధైర్యం, బౌలరుకు దిగులు. మొదటి ఓవరులోనే లెగ్ వైపు దూరంగా ఇద్దరిని పెట్టండి. బంతి సరిగా పడుతున్న కొద్దీ ఒక్కొక్కరిని దగ్గరకు తెండి. అన్నిటికంటె ముందు "ఎవరిని ఎక్కడ పెట్టమంటావ్?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన వెన్ను నిటారుగా అవుతుంది.

గాలి కూడా చూడండి. మన పోటీలు చాలావరకు టెన్నిస్ బంతితోనే. ఆ బంతి తేలిక. గాలికి ఎదురుగా వదిలితే దారిలో ఆగినట్టయి బ్యాట్స్‌మన్ ముందు దిగుతుంది. తిరిగేది తక్కువ గనుక ఈ ఆగటమే స్పిన్ బౌలరుకు ఆయుధం. గాలి వెనకనుండి తోసే వైపు ఆయనను పెట్టి, బంతి దిగటం లేదని విసుక్కోవటం అన్యాయం. సిక్సరు పడినప్పుడు దగ్గరకు నడిచి వెళ్లి ఫీల్డర్ల గురించి మాట్లాడండి. "జాగ్రత్తగా వెయ్యి" అని మాత్రం అనవద్దు. జాగ్రత్త అనే మాట వినగానే బంతి నేరుగా, గట్టిగా వస్తుంది.

మొదటి ఓవరులో దెబ్బ తిన్నవాడికి రెండో ఓవరు ఇవ్వటం గురించి మన గ్రంథములో చక్కని వృత్తాంతమే ఉంది. మార్కు అనబడిన యోహాను పంఫూలియలో పని విడిచి వెనుకకు వెళ్లాడు. మరల ప్రయాణము కట్టినప్పుడు పౌలు అతణ్ణి వద్దన్నాడు. బర్నబా మాత్రము వెంట తీసుకొని కుప్రకు ఓడ ఎక్కాడు. ఆ విషయమై పౌలు, బర్నబాలు విడిపోయేంత వాదము జరిగింది. ఏళ్లు గడిచాక చెరసాలనుండి తిమోతికి వ్రాస్తూ పౌలే ఆ మార్కును తీసుకొని రమ్మన్నాడు, తనకు పరిచారము నిమిత్తము అతడు అవసరమని. బర్నబా ఇచ్చిన ఓవర్లు వృథా పోలేదు. కాకపోతే ఇక్కడ బౌలరు చిన్నవాడు, కెప్టెన్ పెద్దవాడు.

పెద్ద బౌలరు ఉదాహరణ కావాలంటే ముంబయి చూడండి. ప్రవీణ్ తాంబే అక్కడి క్లబ్బు పోటీల్లో, కంపెనీ జట్లలో ఏళ్ల తరబడి ఆడాడు. మొదట మీడియం పేసు వేసేవాడు. లెగ్ స్పిన్ వెయ్యమని ఆయనను మళ్లించింది కంపెనీ జట్టు కెప్టెన్. ముంబయి రంజీ జట్టులో చోటు మాత్రం దొరకలేదు. 2013లో రాహుల్ ద్రావిడ్ కెప్టెన్‌గా ఉన్న రాజస్థాన్ రాయల్స్ ఆయనను తీసుకుంది. ఒక్క ఫస్ట్ క్లాస్ మ్యాచ్ కూడా ఆడని మనిషి 41 ఏళ్ల వయసులో ఐ.పి.ఎల్.లో అడుగుపెట్టాడు. అదే ఏడాది ఛాంపియన్స్ లీగ్‌లో 12 వికెట్లతో అందరికంటె ముందు నిలిచాడు. ఆ తరువాతే, 42 నిండాక, ముంబయి తరఫున రంజీ ఆడాడు. 2014 మే నెలలో కోల్‌కతా జట్టు మీద హ్యాట్రిక్ తీశాడు. ద్రావిడ్ ఆయనకు స్పిన్ నేర్పలేదు. అది ఆయన దగ్గర ముందే ఉంది. ద్రావిడ్ ఇచ్చింది బంతి.

బౌలరు తాను చేయవలసినది

అంతా కెప్టెన్ మీదికే తోసేయటం న్యాయం కాదు. పెద్దవారితో కూడా ఒక మాట. "మా రోజుల్లో" అనే కథలు ఎంత తక్కువైతే బంతి అంత త్వరగా చేతికి వస్తుంది. నలభై దాటాక పది రకాల బంతులు అక్కరలేదు. కళ్లు మూసుకున్నా అదే చోట పడే ఒక్క బంతి ఉంటే చాలు. దానికి కాస్త మెల్లగా ఒకటి, కాస్త వేగంగా ఒకటి. కళ్ళంలో జేబురుమాలు పరచుకొని రోజూ ముప్పై బంతులు వెయ్యండి. న్యూజీలాండులో పుట్టి ఆస్ట్రేలియాకు ఆడిన క్లారీ గ్రిమ్మెట్ పెరట్లో ఒక్కడే సాధన చేసేవాడు. వేసిన బంతులను తిరిగి తెచ్చేది ఆయన కుక్క. 33 ఏళ్లకు మొదటి టెస్టు ఆడి అందులోనే 11 వికెట్లు తీశాడు. ప్రపంచంలో మొదటిసారి 200 టెస్టు వికెట్లు దాటినవాడు ఆయనే.

వయసు గురించి ఇంకా దిగులుంటే మెల్‌బోర్న్ నగరంలో సెయింట్ కిల్డా అనే క్లబ్బు కథ వినండి. ఆ క్లబ్బులో ఇద్దరు స్పిన్ బౌలర్లు, డాన్ బ్లాకీ, బెర్ట్ ఐరన్‌మాంగర్. రెండు రోజుల తేడాతో 1882 ఏప్రిల్‌లో పుట్టారు. ఇద్దరూ 46 ఏళ్ల వయసులో, 1928లో, ఒకరి వెనుక ఒకరు ఆస్ట్రేలియాకు మొదటి టెస్టు ఆడారు! ఐరన్‌మాంగర్ రైతు ఇంట పుట్టినవాడు. చిన్నప్పుడు పశువుల మేత కోసే యంత్రంలో ఎడమ చూపుడు వేలు కొంత తెగిపోయింది. స్పిన్ బౌలరుకు ప్రాణం లాంటి వేలు అది. మిగిలిన ఆ మోడుతోనే ఆయన బంతి తిప్పాడు. 1932లో మెల్‌బోర్న్‌లో దక్షిణాఫ్రికా మీద రెండు ఇన్నింగ్సుల్లో కలిపి 24 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. అప్పటికి ఆయనకు యాభై రావటానికి రెండు నెలలు తక్కువ.

ఇక నోరు తెరిచి అడగటం. ఇది మన పెద్దలకు చాలా కష్టం. కాలేబుకు ఎనభై అయిదు సంవత్సరములు. ఆయన ఒక మూల కూర్చొని యెహోషువ తనను గుర్తించలేదని గొణగలేదు. నేరుగా వెళ్లి, అనాకీయులున్న కొండసీమే తనకిమ్మని అడిగాడు. యెహోషువ ఆయనను దీవించి హెబ్రోను ఇచ్చాడు. అడిగినవాడు తక్కువైపోలేదు. ఇచ్చినవాడూ తక్కువైపోలేదు. "అబ్బాయ్, గాలి మారింది, ఈ వైపు నుండి నాకు రెండు ఓవర్లు ఇచ్చి చూడు" అనటంలో చిన్నతనమేమున్నది?

కొన్ని జట్లలో ఆ పెద్దాయనే కెప్టెన్. అప్పుడు రెండు రకాల జబ్బులు వస్తాయి. ఒకరు మొగమాటంతో తనకు తాను బంతి ఇచ్చుకోరు. ఇంకొకరు బంతి వదలరు. రెండిటికీ మందు ఒకటే: వికెట్ కీపరుకు ముందే చెప్పి ఉంచండి, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో అతడు చెప్తాడు. బంతి ఎలా పడుతుందో అందరికంటె బాగా కనిపించేది అతనికే. స్పిన్ బౌలర్లు కెప్టెన్లుగా పనికిరారని ఒక మాట ఉంది గాని, హైదరాబాదు ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ 1955లో సొంత ఊరిలోనే భారత జట్టును నడిపించాడు. అనిల్ కుంబ్లే టెస్టు కెప్టెన్ అయింది 37 ఏళ్లకు.

పనికిరాక కాదు, ఇవ్వక పోయిన కెప్టెన్సీ ఒకటి ఉంది. అది మన సంఘములు తప్పక తెలుసుకోవాలి. పాల్వంకర్ బాలూ తోలు పని చేసే కులములో పుట్టాడు. పూనాలో తెల్లవారి క్లబ్బులో మైదానం పని చేస్తూ, నెట్స్‌లో వారికి బంతులు వేసి ఎడమచేతి స్పిన్ సాధించాడు. 1911లో ఇంగ్లాండు వెళ్లిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. అప్పటికి 35 ఏళ్లు. మైదానంలో ఆయన ముట్టిన బంతినే అందరూ ముట్టారు. టీ వేళకు మాత్రం ఆయనకు బయట, మట్టి ముంతలో. బొంబాయి హిందూ జట్టు కెప్టెన్సీ ఏళ్ల తరబడి ఆయనకు దక్కలేదు. 1920లో తమ్ముళ్లు నిరసన తెలిపాక వైస్ కెప్టెన్ దాకా వచ్చాడు. 1923లో తమ్ముడు విఠల్‌ను కెప్టెన్ చేశారు. ఆ ఏడు హిందూ జట్టు యూరోపియన్లను గెలిచింది. మన పల్లె జట్లలో ఎవరు బంతి వేస్తున్నారో, ఎవరు జట్టును నడుపుతున్నారో ఒకసారి పేట పేటగా లెక్క చూడండి.

ఈ డిసెంబరులో పోటీలు పెట్టే సంఘములకు ఒక సూచన. ప్రతి జట్టులో నలభై దాటినవారు ఇద్దరుండాలని, వారిలో ఒకరు కనీసం మూడు ఓవర్లు వెయ్యాలని నియమం పెట్టండి. మొదటి ఏడు కుర్రవాళ్లు గొణుగుతారు. పెద్దలు మోకాళ్లకు నూనె రాసుకుంటారు. ఆదివారము ఆరాధన ముగిసి, అందరి భోజనాలు అయ్యాకే టాస్ వేయండి. అంపైరుగా మాత్రం పాస్టరుగారిని పెట్టవద్దు. ఎల్.బి.డబ్ల్యు. ఇచ్చిన మరుసటి ఆదివారము ప్రసంగము వినేవారు సగమైపోతారు.